ప్రొఫెసర్ వేరే విశ్వవిద్యాలయానికి మారితే: జర్మనీలో ఒక డాక్టరేట్ కేసు

జర్మనీలోని ఒక విశ్వవిద్యాలయంలో డాక్టరల్ పరిశోధకులకు సలహా ఇచ్చే కేంద్రంలో పనిచేస్తున్నాను. ఈ కేసును సంబంధిత పరిశోధకురాలి అనుమతితో రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. కేసుకు ప్రాణమైన తేదీలు, పత్రాలు, నిబంధనలు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉంటాయి.

ఆమెది తెలంగాణ. అక్కడే ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం నుంచి ప్రొడక్షన్ ఇంజనీరింగ్‌లో ఎం.టెక్. చేసింది. పశ్చిమ జర్మనీలోని ఒక సాంకేతిక ఫ్యాకల్టీలో (అధ్యాపకులు కాదు, విశ్వవిద్యాలయంలో డిగ్రీ ఇచ్చే విభాగాల సముదాయం) పరిశోధక ఉద్యోగినిగా చేరింది. జర్మన్ పరిశోధన సంస్థ డీఎఫ్‌గే నిధులతో నడిచే ప్రాజెక్టు అది. అల్యూమినియం వెల్డింగ్ అతుకులు పదేపదే భారం పడినప్పుడు ఎక్కడ, ఎప్పుడు పగులుతాయన్నది పరిశోధన విషయం. జీతం ప్రభుత్వ వేతన ఒప్పందంలోని ఈ-13 శ్రేణిలో, పూర్తి ఉద్యోగం. 2025 పట్టిక ప్రకారం ఆ శ్రేణి మొదటి మెట్టులో పన్నులకు ముందు నెలకు సుమారు 4,600 యూరోలు వస్తాయి. అన్ని విభాగాల్లోనూ ఇంత ఉండదు. జీవశాస్త్రాల్లో, మానవీయ శాస్త్రాల్లో సగం ఉద్యోగమో, 65 శాతమో ఇచ్చి పని మాత్రం పూర్తిగా చేయించుకోవడం మామూలే. మెకానికల్ ఇంజనీరింగ్‌లో మంచి ఇంజనీరును కంపెనీలు ఎగరేసుకుపోతాయి కాబట్టి పూర్తి జీతమిచ్చి నిలుపుకుంటారు.

ఆమె మా దగ్గరికి వచ్చింది మూడో ఏడాది నవంబరులో. ప్రొఫెసర్‌కు తూర్పున శాక్సనీలోని మరో విశ్వవిద్యాలయం నుంచి పిలుపు వచ్చింది, ఆయన ఒప్పుకున్నారు. జర్మనీలో వేసవి సెమిస్టర్ ఏప్రిల్ 1న మొదలవుతుంది. అంటే పాత చోట ఆయన చివరి రోజు మార్చి 31. ప్రాజెక్టు నిధులు ఆయనతోపాటు వెళతాయి. ప్రయోగాలు జరిగే యంత్రమూ వెళుతుంది. ఇష్టమైతే తనతో రావచ్చని, కొత్త చోట ఉద్యోగ ఒప్పందం ఇప్పిస్తానని ఆయన ఆమెకు చెప్పారు. పెద్దమనిషి తరహాలోనే చెప్పారు, అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు.

ఆమె అడగడానికి వచ్చింది ఇల్లు మారడం గురించి, వీసా గురించి. నేను ముందుగా అడిగింది ఫ్యాకల్టీ ఇచ్చిన ఆమోద పత్రం. ఆమె ఉద్యోగ ఒప్పందం తీసి బల్లమీద పెట్టింది. అది కాదు, డాక్టరేట్ అభ్యర్థిగా మిమ్మల్ని స్వీకరిస్తున్నామని ఫ్యాకల్టీ కమిటీ రాసిన ఉత్తరం కావాలన్నాను.

"మేడమ్, రెండేళ్లకు పైగా జీతం స్లిప్పులు ఉన్నాయి. కాన్ఫరెన్సులో పేపర్ కూడా చదివాను. నేను ఇంకా పీహెచ్‌డీలో చేరనే లేదంటారా?"

నిబంధనల లెక్కలో, లేదు.

మన విశ్వవిద్యాలయాల్లో చదివినవారికి ఇది ఎందుకు తోచదో చెప్పాలి. అక్కడ ముందు ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ, తరువాత రిజిస్ట్రేషన్, దాని తరువాతే గైడు కేటాయింపు. ఫెలోషిప్ ఉందా లేదా అన్నది వేరే సంగతి. రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా పీహెచ్‌డీ స్కాలర్‌నని ఎవరూ చెప్పుకోరు. జర్మనీలో వ్యక్తిగత పద్ధతిలో చేసే డాక్టరేట్‌కు ఈ వరుస తలకిందులు. ప్రొఫెసర్ తనకు నచ్చిన మనిషిని ఉద్యోగంలోకి తీసుకుంటారు, పని మొదలవుతుంది. ఫ్యాకల్టీకి దరఖాస్తు పెట్టడం అభ్యర్థి బాధ్యత. దాన్ని ఎవరూ గుర్తు చేయరు. కొన్ని ఇంజనీరింగ్ సంస్థల్లో 'ముందు ఒక ఏడాది పనిచేయి, అంశం స్థిరపడ్డాక చూద్దాం' అనే అలవాటు పాతుకుపోయి ఉంది. ప్రొఫెసర్ కదలకుండా ఉన్నంతకాలం ఆ అలవాటు ఎవరికీ హాని చేయదు. మాక్స్ ప్లాంక్ సంస్థల పరిశోధనా పాఠశాలల్లో, డీఎఫ్‌గే నిధులిచ్చే గ్రాడ్యుయేట్ బృందాల్లో కమిటీ, కోర్సులు, తేదీలు ముందే ఉంటాయి కాబట్టి ఈ చిక్కు అరుదు.

జర్మన్ గణాంక కార్యాలయం ఏటా డాక్టరేట్ అభ్యర్థుల లెక్క ప్రకటిస్తుంది. 2 లక్షలకు పైగా ఉంటుంది ఆ లెక్క. అందులో చేరేది ఫ్యాకల్టీ ఆమోదం పొందినవారే. ఈమె అందులోనూ లేదు.

నాలుగు బంధాలు, నాలుగు గడువులు

జర్మనీలో డాక్టరేట్ చేస్తున్న విదేశీ పరిశోధకురాలి స్థితి నాలుగు వేర్వేరు బంధాలమీద నిలబడుతుంది. పర్యవేక్షకుడితో ఉన్నది ఒకటి, డిగ్రీ ఇచ్చే ఫ్యాకల్టీతో ఉన్నది రెండోది, జీతమిచ్చే విశ్వవిద్యాలయంతో ఉన్నది మూడోది, నివాస అనుమతి ఇచ్చే విదేశీయుల కార్యాలయంతో ఉన్నది నాలుగోది. మామూలు రోజుల్లో ఇవన్నీ ఒకటే అనిపిస్తాయి. ప్రొఫెసర్ కదిలితే నాలుగూ నాలుగు దిక్కులకు పోతాయి.

పాత ఫ్యాకల్టీ నిబంధనావళిని ఆమె అప్పటిదాకా తెరిచి చూడలేదు. ఎక్కువమంది చూడరు, అది జర్మన్‌లో ఉంటుంది, చదవడానికి చప్పగా ఉంటుంది. ఇద్దరం కూర్చుని చదివాం. మాకు పనికొచ్చిన వాక్యం ఒక్కటే: ఫ్యాకల్టీని వదిలి వెళ్లిన ప్రొఫెసర్, అప్పటికే ఆమోదం పొందిన అభ్యర్థులకు నిర్ణీత కాలంపాటు పర్యవేక్షకుడిగా, మొదటి పరీక్షకుడిగా కొనసాగవచ్చు. 'అప్పటికే ఆమోదం పొందిన' అన్న షరతుమీదే కేసంతా ఆధారపడింది. మార్చి 31లోపు కమిటీ ఆమోదిస్తే ఆమె ఆ వాక్యం కిందికి వస్తుంది. ఏప్రిల్ 1న దరఖాస్తు పెడితే ఆ ఫ్యాకల్టీలో ఆమెకు పర్యవేక్షకుడే ఉండడు.

దారులు మూడు కనిపించాయి. ఒకటి, ప్రొఫెసర్ వెంట వెళ్లి కొత్త ఫ్యాకల్టీలోనే మొదటినుంచి దరఖాస్తు పెట్టడం. చూడటానికి సహజమైన దారి ఇదే, ఆయన సూచించిందీ ఇదే. కానీ విదేశీ డిగ్రీల విషయంలో కొత్త ఫ్యాకల్టీ షరతులు కఠినంగా ఉన్నాయి. ఎం.టెక్. విభాగం డాక్టరేట్ అంశానికి దగ్గరగా లేకపోతే ఒక సెమిస్టర్‌కు మించిన అదనపు కోర్సులు పెట్టే అవకాశం వాళ్ల నిబంధనల్లో స్పష్టంగా ఉంది. రెండు, పాత చోటే ఉండి మరో పర్యవేక్షకుణ్ని వెతుక్కోవడం. జీతం ఎవరిస్తారన్నది అప్పుడు తేలని ప్రశ్న. మూడు, డాక్టరేట్ పాత ఫ్యాకల్టీలో, ఉద్యోగం కొత్త విశ్వవిద్యాలయంలో. వినడానికి వింతగా ఉన్నా ఇది పూర్తిగా నిబంధనలకు లోబడినదే, ప్రొఫెసర్లు మారినప్పుడు తరచుగా జరిగేదే.

నా సహోద్యోగి ఒకరు రెండో దారి మేలన్నారు. ఊరు మారనక్కర లేదు, యంత్రం రవాణాలో పోయే కాలం మిగులుతుంది, కొత్త పర్యవేక్షకుడు ఉన్న ఫలితాలతోనే థీసిస్ ముగించనిస్తారని ఆయన వాదన. నాకు ఇప్పటికీ ఒప్పుదల కాదు. అలసట పరీక్షల్లో, అంటే లోహంమీద పదేపదే భారం వేసి ఎప్పుడు పగులుతుందో చూసే పరీక్షల్లో, ఫలితమంటే యంత్రం, నమూనా, కాలం, మూడూ కలిసి ఇచ్చేది. ఒక నమూనా కోటి ఆవర్తనాలు తట్టుకుంటుందా అని చూడాలంటే, సెకనుకు 30 చొప్పున భారం వేసినా యంత్రం దాదాపు నాలుగు రోజులు ఆగకుండా నడవాలి. అది ఒక్క నమూనాకు పట్టే కాలం. ఆమె పరీక్షల్లో సగానికి కొంచెం ఎక్కువే అయ్యాయి. యంత్రాన్ని వదులుకుంటే మిగిలినదాన్ని ఎక్కడ చేస్తుంది?

మూడో దారి తీసుకున్నాం. ఎంచుకున్నది ఆమె. నేను గడువులు లెక్కగట్టాను.

పత్రాల సంగతి

తెలుగు రాష్ట్రాలనుంచి రావాలనుకునేవారు ఈ భాగం కొంచెం నిదానంగా చదవాలి.

కమిటీకి కావలసినవి: పర్యవేక్షణకు ప్రొఫెసర్ అంగీకారం, కొద్ది పేజీల పరిశోధన ప్రణాళిక, బి.టెక్., ఎం.టెక్. డిగ్రీలు, మార్కుల పట్టికలు, ఫ్యాకల్టీలోనే ఉన్న రెండో పర్యవేక్షకుల పేరు. కమిటీ డిసెంబరులో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి కూర్చుంటుంది. డిసెంబరు సమావేశం మాకు దక్కలేదు, కారణం ఆమె ఎం.టెక్. డిగ్రీ. ఆమె దగ్గర ఉన్నది ప్రొవిజినల్ సర్టిఫికెట్, కన్సాలిడేటెడ్ మెమో. ఓడీ, అంటే ఒరిజినల్ డిగ్రీకి, ఆమె దరఖాస్తే పెట్టలేదు. ఉద్యోగానికి, వీసాకు, చివరికి ఇక్కడి సిబ్బంది విభాగానికి కూడా ప్రొవిజినల్‌తోనే పని జరిగిపోయింది. మన దగ్గర ఎంతోమంది పట్టభద్రుల బీరువాల్లో ఉండేది ఈ ప్రొవిజినలే. డాక్టరేట్ కమిటీ మాత్రం పట్టా చూపించమంటుంది. ప్రొవిజినల్ అన్న మాట కాగితం నెత్తిమీదే అచ్చేసి ఉంటే వాళ్లనూ తప్పు పట్టలేం.

వాళ్ల నాన్నగారు రిటైరైన ఉపాధ్యాయుడు. విశ్వవిద్యాలయ పరీక్షల విభాగం చుట్టూ తిరిగి, అత్యవసర రుసుము కట్టి, జనవరి చివరికి పట్టా సాధించి కొరియరులో పంపారు. మధ్యలో ఒక రోజు నాకే ఫోను చేశారు. "అమ్మా, గైడు మారితే ఇక్కడ కూడా ఇబ్బందే గానీ రిజిస్ట్రేషన్ పోదు. అక్కడ మూడేళ్లు చేసిన పని ఏమైనట్టు?" అని అడిగారు. ఉద్యోగానుభవం అయిందండీ, దాన్ని డాక్టరేట్ చేసే పనిలోనే ఉన్నాం అని చెప్పాను.

పట్టా వచ్చాక పేరు తంటా మొదలైంది. పట్టామీద ఇంటిపేరు ఒక్క అక్షరం, తరువాత పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, వేరే గడిలో. జర్మన్ గుమాస్తాకు ఇవి ఇద్దరు మనుషుల పత్రాలు. ఇంగ్లిష్‌లో ఒక వివరణ లేఖ రాసి, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఉన్న పదో తరగతి మెమోను జతచేశాం. ఆ తేదీ పాస్‌పోర్టులోని తేదీతో సరిపోయింది కాబట్టి ఒప్పుకున్నారు. కాపీల ధ్రువీకరణకు కూడా ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. ఇక్కడి పురపాలక పౌరసేవా కార్యాలయాలు చాలావరకు విదేశీ పత్రాల కాపీల మీద ముద్ర వేయవు. మా విషయంలో ఫ్యాకల్టీ కార్యాలయమే అసలు పత్రం చూసి కాపీ తీసుకుంది.

మార్కుల మార్పిడి ఇంకొక మెలిక. జర్మనీలో 1.0 అత్యుత్తమం, 4.0 కనీస ఉత్తీర్ణత. విదేశీ మార్కులకు 'సవరించిన బవేరియన్ సూత్రం' వాడతారు: గరిష్ఠ మార్కునుంచి వచ్చిన మార్కు తీసేసి, గరిష్ఠానికీ కనీస ఉత్తీర్ణతకూ ఉన్న తేడాతో భాగించి, మూడుతో హెచ్చించి, ఒకటి కలపాలి. ఆమెకు వచ్చింది 78 శాతం. కనీస ఉత్తీర్ణత 50గా తీసుకుంటే 2.32 వస్తుంది. 40గా తీసుకుంటే 2.1. ఫ్యాకల్టీ హద్దు 2.5 కాబట్టి ఈమె రెండు లెక్కల్లోనూ గట్టెక్కింది. కానీ 74 శాతం వచ్చినవారి సంగతి చూడండి: 40 లెక్కలో 2.3 తో లోపల, 50 లెక్కలో 2.56 తో బయట. అందుకే మెమో వెనక అచ్చయ్యే ఉత్తీర్ణత నిబంధనల పేజీని కూడా స్కాన్ చేసి పంపమంటాను. అది లేకపోతే గుమాస్తా తనకు తోచిన అంకె వేసుకుంటారు.

రెండో పర్యవేక్షకులుగా అదే ఫ్యాకల్టీలో పదార్థ పరీక్షల విభాగపు ప్రొఫెసర్ ఒకరు ఒప్పుకున్నారు. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న యంత్రం గురించే: కొత్త చోట బిగించాక వచ్చే ఫలితాలను పాత ఫలితాల పక్కన ఎలా పెడతావు? సమాధానం ప్రణాళికలోనే ఉండాలన్నారు. థీసిస్‌లో ఒక అధ్యాయం అక్కడ పుట్టింది.

ముగ్గురూ సంతకాలు చేసిన పర్యవేక్షణ ఒప్పందం కూడా దరఖాస్తులో భాగమైంది. ఈ ఒప్పందాలు ఇప్పుడు మామూలయ్యాయి, బాడెన్-వుర్టెంబెర్గ్ లాంటి రాష్ట్రాల్లో చట్టమే అడుగుతుంది. 2011లో రక్షణ మంత్రి గుటెన్‌బెర్గ్ డాక్టరేట్‌ను గ్రంథచౌర్యం కారణంగా బైరాయిట్ విశ్వవిద్యాలయం రద్దు చేసింది. 2013లో విద్యామంత్రి షావాన్‌కూ డ్యుసెల్‌డార్ఫ్‌లో అదే జరిగింది. ఆ దుమారంలో, ఇన్నాళ్లూ పర్యవేక్షకులు ఏం చేస్తున్నారన్న ప్రశ్న కూడా గట్టిగానే వినిపించింది. చాలా ఒప్పందాలు 'తగిన సమయంలో చర్చిస్తాము' లాంటి నీళ్ల వాక్యాలతో నిండి ఉంటాయి. మేము రెండు గట్టి వాక్యాలు పెట్టించాం. అధ్యాయాల ముసాయిదా అందిన ఆరు వారాల్లో అభిప్రాయం చెప్పాలి. ముడి ఫలితాలన్నింటి ప్రతి, యంత్రం ప్రామాణీకరణ పత్రాలతో సహా, పాత విశ్వవిద్యాలయంలోనూ ఉండాలి, వాడుకునే హక్కు ఆమెకుండాలి. పరిశోధన ఫలితాలను మామూలుగా పదేళ్లు భద్రపరచాలని డీఎఫ్‌గే సదాచార నియమావళి చెబుతుంది కాబట్టి దీనికి ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఫిబ్రవరి సమావేశంలో ఆమోదం వచ్చింది, ఒక షరతుతో. థీసిస్ సమర్పించేలోగా ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో (వస్తువును చిన్న ముక్కలుగా విడదీసి కంప్యూటర్‌తో చేసే లెక్క) ఒకటి, పదార్థ యాంత్రికశాస్త్రంలో ఒకటి, రెండు పరీక్షలు పాస్ కావాలి. ఆమె చిన్నబుచ్చుకుంది. ప్రొడక్షన్ ఇంజనీరింగ్ నుంచి వచ్చినవారికి ఇది న్యాయమైన షరతేనని నాకనిపించింది, ఆ మాటే చెప్పాను.

ఉద్యోగం, అనుమతి

కొత్త ఒప్పందం విషయంలో సంతకానికి ముందే అడగాల్సింది ఒకటుంది: పాత అనుభవాన్ని వేతన మెట్టులో లెక్కిస్తారా అని. రెండు విశ్వవిద్యాలయాలూ ఒకే వేతన ఒప్పందం కిందివే అయినా యజమానులు వేరు, ఎవరూ అడగకపోతే కింది మెట్టునుంచే మొదలుపెట్టే ప్రమాదముంది. పాత చోటి ఉద్యోగ ధ్రువపత్రం పంపాక ఆమెకు సరైన మెట్టే ఇచ్చారు. విజ్ఞాన రంగంలో పరిమితకాల ఒప్పందాల చట్టం 2007 నుంచి ఉంది. డాక్టరేట్‌కు ముందు అలాంటి ఉద్యోగం మొత్తం ఆరేళ్లే. యజమాని మారినా లెక్క మొదటికి రాదు, పాత ఏళ్లు అందులోనే ఉంటాయి.

నివాస అనుమతి విషయంలో మేము భయపడినంత జరగలేదు. ఆమెది నివాస చట్టం 18డీ సెక్షన్ కింద పరిశోధకులకిచ్చే అనుమతి. కార్డుతోపాటు ఇచ్చే అదనపు పత్రంలో పాత విశ్వవిద్యాలయం పేరు ఉంది. కొత్త విశ్వవిద్యాలయం నుంచి ఆతిథ్య ఒప్పందం (పరిశోధకురాలిగా స్వీకరిస్తున్నామన్న పత్రం) తీసుకుని, మారకముందే మార్పుకు దరఖాస్తు పెట్టింది. గడువు తీరకముందు దరఖాస్తు అందితే, నిర్ణయం వచ్చేదాకా పాత అనుమతి చెల్లుబాటులోనే ఉంటుంది. అపాయింట్‌మెంట్ దొరకలేదని గడువు దాటనిచ్చేవారే చిక్కుల్లో పడతారు. అపాయింట్‌మెంట్ లేకపోయినా దరఖాస్తు రాతపూర్వకంగా పంపి, అందినట్టు రుజువు దగ్గర పెట్టుకోవాలి.

తరువాతి రెండేళ్లు

యంత్రం ఏప్రిల్‌లో లారీ ఎక్కింది. కొత్త ప్రయోగశాలలో నేల గట్టితనం చాలక పునాది మళ్లీ వేశారు. హైడ్రాలిక్ గొట్టాలు కలిపి, ప్రామాణీకరణ చేసేసరికి శరదృతువు వచ్చింది. ఆ నెలల్లో ఆమె రెండు పరీక్షలూ పాసైంది. అవి పాత చోటే రాయాలి కాబట్టి రైల్లో వెళ్లి వచ్చేది. నా సహోద్యోగి చెప్పిన కాలనష్టం నిజమే. కానీ షరతు పరీక్షలకు ఎలాగూ కాలం కావాలి, అది ఈ ఖాళీలో సర్దుకుంది.

యంత్రం తరలించకముందే కొన్ని నమూనాలను ఒకే విడతలో తయారైన పలకలనుంచి కోయించి సగం పాత చోట పరీక్షించి, సగం దాచి పెట్టింది. దాచినవాటిని కొత్త చోట అవే భారాల కింద నడిపింది. రెండింటి ఆయుష్షులూ మామూలు వ్యత్యాసం లోపలే పడ్డాయి. రెండో పరీక్షకురాలు తన నివేదికలో ఎక్కువగా మెచ్చుకున్నది ఈ అధ్యాయాన్నే.

ప్రాజెక్టు నిధులు రాత మొదలయ్యే వేళకు అయిపోయాయి. ఇది ఇక్కడ దాదాపు అందరికీ ఎదురయ్యేదే: డబ్బు ఇచ్చేది మూడేళ్లకు, ఇంజనీరింగ్‌లో పని పట్టేది నాలుగైదేళ్లు. చాలామంది చివరి నెలలు నిరుద్యోగ భృతిమీద రాస్తారు. గత 30 నెలల్లో 12 నెలలు బీమా చెల్లించి ఉంటే, చివరి నికర జీతంలో 60 శాతం వస్తుంది, పిల్లలుంటే 67. ఒప్పందం ముగిసే మూడు నెలల ముందే ఉపాధి కార్యాలయంలో నమోదు చేసుకోవాలి. ఉద్యోగం వస్తే చేరడానికి సిద్ధంగా ఉండాలన్నది షరతు. థీసిస్ రాయడానికే సమయం కావాలని ఆ కార్యాలయంలో చెబితే భృతి పోతుంది. పైగా విదేశీయులకు ఉద్యోగం పోయిందని విదేశీయుల కార్యాలయానికి చెప్పవలసి ఉంటుంది, అనుమతి కుదించే అవకాశం ఉంటుంది. డాక్టరల్ విద్యార్థిగా నమోదై అనుమతి మార్చుకోవచ్చు గానీ, విద్యార్థుల చౌక ఆరోగ్య బీమా డాక్టరేట్ చేసేవారికి వర్తించదు. ఈ లెక్కలన్నీ ప్రొఫెసర్ ముందు పెట్టమన్నాను. ఆయన కొత్త పీఠానికి ఇచ్చిన నిధులనుంచి ఆరు నెలలకు సగం ఉద్యోగం సర్దారు. పిలుపు మీద వచ్చిన ప్రొఫెసర్ దగ్గర మొదటి ఏళ్లలో ఇలాంటి నిధులుంటాయి. తరువాత ఉండవు.

థీసిస్ ఇంగ్లిష్‌లో, జర్మన్ సారాంశంతో సమర్పించింది. పరీక్షకుల నివేదికలు రావడానికి నాలుగు నెలలు పట్టింది. మౌఖిక సమర్థన పాత ఫ్యాకల్టీలో జరిగింది, ప్రొఫెసర్ మొదటి పరీక్షకుడిగా వచ్చారు. శ్రేణి మాగ్నా కుమ్ లావుదే, అంటే పై నుంచి రెండోది. పాత సహచరులు అట్టతో చేసిన పెద్ద టోపీ పెట్టారు, దానిమీద చిన్న హైడ్రాలిక్ గొట్టం, ఒక రైలు బొమ్మ. ఈ టోపీ సంబరం జర్మన్ ప్రయోగశాలలన్నింటా ఉంది. గంభీరంగా కనిపించే మనుషులు వారాల తరబడి జిగురు, కత్తెరతో కూర్చుంటారు.

అయినా అప్పటికి ఆమె డాక్టర్ కాలేదు. థీసిస్ ప్రచురించి, గ్రంథాలయానికి ప్రతులు అప్పగించి, పట్టా చేతికి వచ్చాకే పేరు ముందు ఆ బిరుదు పెట్టుకోవాలి. అంతకుముందు వాడితే చట్టరీత్యా నేరం. బెంగళూరులోని ఒక కంపెనీ అప్పటికే ఆఫర్ ఉత్తరంలో డాక్టర్ అని రాసి పంపింది. దాన్ని సరిచేయమని రాయమన్నాను, రాసింది. విశ్వవిద్యాలయ ఎలక్ట్రానిక్ భాండాగారంలో ప్రచురణకు తొమ్మిది వారాలు పట్టింది, అందులో అయిదు వారాలు ఒక బొమ్మకు పునర్ముద్రణ అనుమతి కోసమే. పాత ఫ్యాకల్టీలో ఆ విభాగపు కొత్త ఉద్యోగులకు మొదటి వారంలోనే ఆమోద దరఖాస్తు ఇవ్వాలని మేము రాసిన ప్రతిపాదన ఇంకా కమిటీ ముందు ఉంది.